ఎర్ర దారపు నలభై ఏడు

నా పేరు అంకమ్మ.
సిస్టర్ అట్రాక్టా నోట అది నిలవదు.
అంకె అయితే నిలుస్తుంది.
మాత్రలివ్వడానికి వంగినప్పుడల్లా
నా కాలరు వెనక్కి తిప్పి చూసి,
"నలభై ఏడా? నీ మేజోళ్ళు జత కలవలేదమ్మా" అంటుంది.

ఇప్పుడిది ముసలివాళ్ళ ఆశ్రమం.
మునుపు ఆడపిల్లల బోర్డింగు స్కూలు.
పొడుగాటి డార్మిటరీకి అడ్డుగోడలు కట్టి
పన్నెండు గదులు చేశారు.
కిటికీలు ఎనిమిదే. కొందరికి సగం కిటికీ వచ్చింది.
సిస్టర్‌ది ఆ సగం కిటికీ గది.
అందులోంచి వరగూన్ స్టేషను కనిపిస్తుంది,
రైలు లేదు,
గోధుమ గాదెల మీద తెల్ల కాకతువ్వల గోల మాత్రం ఉంది.

రాత్రి డ్యూటీలో బట్టల చిట్టా తిరగేస్తాను.
పిల్లకో అంకె.
పిల్ల వెళ్ళిపోతే అంకె ఇంకొకరికి.

నలభై ఏడు, 1911. హొనోరా టియర్నీ.
ఫీజు కింద తండ్రి తోలినవి రెండు గొర్రెలు, బస్తా ఉల్లిపాయలు.
పక్కనే చిన్నక్షరాల్లో: ఒక గొర్రె కుంటిది.

నలభై ఏడు, 1919. పేరు మీద గీత.
విషజ్వరాల ఏడాది. గౌన్లు కాల్చేశామని రాసుంది.
ఆ పై టర్ము అంకె ఎవరికీ ఇవ్వలేదు.
దాని పై టర్ము ఇచ్చేశారు.

నలభై ఏడు, 1953. అసుంటా బెర్తోలిన్.
ద్రాక్షతోటల పిల్ల.
ఆదివారం రాసిన ఉత్తరాలు మదర్ చదివాకే పోస్టుకి.
మదర్‌కి ఇటాలియన్ రాదు.
బడి మొత్తానికి ఇంటికి నిజం రాయగలిగింది
ఆ పిల్లొక్కతే.

సిస్టర్ పంతొమ్మిదేళ్ళప్పుడు ఐర్లండు నుంచి ఓడలో వచ్చింది.
పాఠాలు చెప్పే సిస్టర్లది చాపెల్లో ముందు వరస.
బట్టలుతికే సిస్టర్లది వెనక బల్ల,
భోజనానికి రెండో గంట,
ముసుగు కూడా వేరే రంగు.
ఏదో వాతావరణం సంగతిలా చెప్పింది.
నేను బీపీ పట్టీ చేతిలో పట్టుకుని
అలాగే నిలబడిపోయాను.

మా నాయనమ్మ నరసరావుపేటలో అరవై ఇళ్ళకు ఉతికేది.
పంచె మూలన నల్లజీడి చుక్కలు:
కరణం గారికి మూడు,
ఆయన వియ్యంకుడికి మూడూ ఒక గీతా.
అక్షరమ్ముక్క రాదు. ఒక్క చొక్కా ఇల్లు తప్పలేదు.
గుమ్మం దాటి లోపలికి బట్టలు వెళ్ళేవి.
ఆమె కాదు.

చిట్టాలో కొన్ని అంకెల పక్కన పెన్సిలుతో చిన్న శిలువ.
చచ్చిపోయిన పిల్లలేమో అనుకున్నాను.
అడిగితే సిస్టర్ తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి చెప్పింది:

"పక్క తడిపేవాళ్ళు.
ఆరేళ్ళు, ఏడేళ్ళు. అమ్మ కోసం బెంగ.
నాలుక్కే లేచి, చెప్పులు విప్పి వెళ్ళేదాన్ని.
దుప్పటి మార్చి, తడిది కాగులో పడేస్తే
ఆరింటి గంటకి ఏమీ జరగనట్టే.
దొరికితే ఆ దుప్పటే నెత్తిన కప్పి
భోజనాల గది ముందు నిలబెట్టేవారు."

కాసేపాగి,
"ఒక్కరోజు నాకు జ్వరమొచ్చింది" అంది.
అంతే. గోడ వైపు తిరిగింది.

నలభై ఏడు, 1961. మొయిరా కెనెలీ.
శిలువలు వరసగా పదకొండు.
పన్నెండో చోట పెన్సిలు ఒత్తి ఒత్తి
కాగితం చిరిగి ఉంది.

మొన్న తెల్లవారుజామున సిస్టర్ పక్క తడిసింది.
తొంభై ఆరేళ్ళ మనిషి, మేలుకునే ఉంది,
దుప్పటి గడ్డం దాకా లాక్కుని
కళ్ళు మూసుకున్నట్టు నటిస్తోంది.

నేను చెప్పులు విప్పాను.
లైటు వేయలేదు.

ఆరింటికి డ్యూటీ మారేటప్పుడు
రాత్రి విశేషాలేమిటని అడిగారు.
ఏమీ లేవన్నాను.
జేబులో చీటీ తీసి
పెన్సిలుతో చిన్న శిలువ గీసుకున్నాను.

మా నాయనమ్మ అయితే చుక్క పెట్టేది.