కోరం

నిన్నటిదాకా ఇరవై ఒక్కరం.
ఇక మీదట పదకొండుమందిమి.
మందవెళి వార్డాఫీసు మేడ మీద
ఫ్యాను గాలికి ఎగరకుండా స్టేప్లరు బరువు పెట్టిన కాగితంలో
అంతా కుదురుగానే ఉంది:
నిపుణులు నలుగురు, శాఖలవాళ్ళు ముగ్గురు,
వర్తకుల తరఫున ఒకరు,
కాలువ పక్క నివాసులు ముగ్గురు.
నివాసులకు ఇంటిపన్ను రసీదు తప్పనిసరి.

రసీదు అన్న మాట దగ్గర
నా పెన్ను ఒక్క క్షణం ఆగింది.
ఆగి, కదిలింది.
పదహారేళ్ళుగా మినిట్స్ రాస్తున్న పెన్ను,
ఆగడం దానికి అలవాటు లేదు.

నిజం చెప్పాలి,
పాత కమిటీని తలుచుకుని ఏడవాల్సిందేమీ లేదు.
వరసగా ఏడు మీటింగులు కోరం లేక వాయిదా.
ఎనిమిదో దాంట్లో
కాలువ పేరు బోర్డు మీద ఏ భాషలో ముందుండాలని
గంటన్నర.
మసాలా వడలు చల్లారిపోయాయి.
గుర్రపుడెక్క మాత్రం ఎవరి ఆమోదమూ అడక్కుండా
రైలు స్తంభం నుంచి రైలు స్తంభానికి పాకింది.
పరిమళ మేడమ్ సీసాలో నల్లనీళ్ళు పట్టుకొచ్చి
బల్ల మీద పెడితే,
అవి ఏ వార్డు నీళ్ళని ఇద్దరు కొట్టుకున్నంత పని చేశారు.

అందుకే చెయ్యెత్తాను.
చేతులు లెక్కపెట్టిందీ నేనే:
అనుకూలం పధ్నాలుగు,
నాదీ కలుపుకుని.

తీసేసిన కుర్చీల్లో ఒకటి చెంగమ్మది.
రైలు వంతెన నీడలో, గట్టు మీద ఇల్లు.
తలుపుంది. తలుపుకు నంబరు లేదు.
కమిటీలో తొమ్మిదేళ్ళున్నా
మినిట్స్‌లో ఆమె కనిపించేది ఒక్కచోటే:
"సభ్యురాలు దుర్వాసన గురించి ప్రస్తావించారు."
ఆమె అన్నది అది కాదు.
"పోటుకు ఉప్పువాసన సారూ, ఆటుకు మనవాసన.
రెండూ కానిది వచ్చిందంటే
పైన ఎవుడో గొట్టం ఇప్పినట్టే."
దాన్ని నేను కుదించాను.
కుదించడమే కదా నా పని.

మా తాత ఈ కాలువ మీదే పడవ లాగాడు,
సూళ్ళూరుపేట సరుగుడు కట్టెలతో,
నడుముకు తాడు కట్టుకుని, గట్టు వెంట నడుస్తూ.
నీళ్ళ అడుగున ఎక్కడ మేట వేసిందో
తాడు బరువే చెప్పేదట.
ఆ బరువును ఎవరూ ఏ పుస్తకంలోనూ ఎక్కించలేదు.

కొత్త కమిటీ మొదటి మీటింగు
నలభై నిమిషాలు, ఆరు తీర్మానాలు.
గట్టు పొడుగునా కంచె: ఏకగ్రీవం.
ఎవరూ గొంతు పెంచలేదు.
వడలు వేడివేడిగా తిన్నాం.
అంత హాయిగా ఇంటికెళ్ళిన రోజు
నాకు జ్ఞాపకం లేదు.

ఆ వారమే, రాత్రి రెండింటికి ఫోను.
"సారూ, ఉప్పు కాదు, మనదీ కాదు."
తొమ్మిదేళ్ళుగా చేస్తున్నట్టే చేసింది.
సభ్యత్వం పోయిందని తెలియదు కాబోలు.
తెలియజేస్తూ రాసిన ఉత్తరం
నా సంచిలోనే ఉండిపోయింది.
చిరునామా లేదని తీసేశాం,
చిరునామా లేక పంపలేకపోయాం.

టార్చి పట్టుకుని వెళ్ళాను.
కంచె కోసం తవ్విన గుంటలు దాటుకుంటూ
ఆమె ముందు, నేను వెనక.
మూడో స్తంభం దగ్గర
ఇంజను ఆపని ట్యాంకరు,
నీళ్ళలోకి వేలాడుతూ తొండమంత గొట్టం.
మమ్మల్ని చూసి డ్రైవరు బీడీ పారేశాడు.

అలవాటు చావదు కదా,
నోటుబుక్కు తీశాను.
తేదీ. సమయం: రెండుంముప్పావు.
స్థలం: గట్టు.
హాజరైనవారు: ఇద్దరు.
కోరం అన్న గడి దగ్గర
ఈసారి పెన్ను నిజంగానే ఆగింది.

"ఏం రాస్తన్నావు సారూ చీకట్లో,
ముందు లైటు ఇటు పట్టు,
నంబరు ప్లేటు మీద."