ఎర

యేట మూసీసిన రోజులు.
పడవలన్నీ ఇసకలో బోర్లా పడుకున్నాయి.
గోడకి జారబడి తెగిన వల కుట్టుకుంటన్నాను.
"నాన్నా, రేపు పదింటికి హైస్కూల్లో సేరికలంట" అంది లోవ.
"ఫీజెంత?"
"లేదు."
"లేదంటే?"
"లేదంటే లేదే."

ఆ రాత్రి నాకు నిద్దర పట్టనేదు.

ముప్పై ఏళ్ళుగా గేలం ఏసీవోణ్ణి.
ఊరికే తిండి పెట్టడమంటే ఏటో
ఈ జాలారిపేటలో నాకంటే తెలిసినోడెవడు?
నెత్తలు ముక్క ఎంత ముద్దుగా గుచ్చుతాను!
వంజరానికి పైసా కర్సుండదు.
నోరు తెరిస్తే సాలు.

తెల్లారకముందే దానమ్మ
రొయ్యల కంపినీ బస్సెక్కీసింది.
జడలు నానే ఏసాను.
తాడు పేనీవోడికి జడేటి కష్టం అనుకున్నాను.
ఒకటి సెవి మీదకొచ్చింది, ఒకటి మెడ కిందకెల్లింది.
అద్దంలో సూసుకుని ఏటీ అననేదు గుంట.

లోపలి జేబులో అయిదొందలు,
నాలుగు మడతలు.
టీసీ దాని దగ్గరుంది, పాలిథిన్ కవర్లో,
కడుపుకానించి పట్టుకున్నాది.
బాకీ తీరీవరకూ ఆ కాయితం మీద
కాన్వెంటోళ్ళు ఏలు తియ్యనేదు మరి.
పాత మోటారు అమ్మీసి తెచ్చిన కాయితమది.

గెడ్డ దాటి, మెట్ల దారెక్కితే గోడ.
పైన పసుపు.
ఉప్పుగాలికి పెచ్చులూడిన కాడ నీలం,
నీలం కింద ఎప్పటిదో సున్నం.

లోవ సదువుతంది, నాను సెప్తన్నాను, అదే రాస్తంది.
తండ్రి పేరు: తెడ్డు కొర్లయ్య.
వృత్తి కాడ కలం ఆగింది.
"చేపలు పట్టడం అని రాయనా, సముద్రం అని రాయనా?"
కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని
"సముద్రం వృత్తి కాదమ్మా" అని మేడం నవ్వేరు.
నాను ఒప్పుకోనేదు.
నోరు మాత్రం ఎత్తనేదు.

పుట్టిన తేదీ సూసి ఆవిడే తలెత్తేరు.
"హుద్‌హుద్ రోజా?"
"అవునమ్మా. ఆస్పత్రి వరండాలో.
తలుపు ఒకటి ఎగిరెల్లిపోయింది,
ఇది ఒచ్చింది."
ఆవిడ కాసేపు కిటికీకేసి సూసేరు.
ఆ రోజు ఆవిడా ఈ ఊళ్ళోనే ఉండుంటారు.

ఆకర్న ఒక గడి. చెల్లించిన రుసుము.
అందులో సున్న సుట్టి కలం మూసీసేరు.

నా సెయ్యి జేబులోనే ఉండిపోయింది.
"బిల్డింగు కోసమా అమ్మా?" కాదు.
"పుస్తకాలకి?" ఊరికే ఇస్తారు.
"మరి మీకేటొస్తాది?"
మేడం మొహం మారింది. కోపం కాదు,
పొద్దున్నించీ ఇదే మాట ఇనీసిన అలుపు.
"రోజూ పంపించు కొర్లయ్యా.
అంతే."

రోజూ.
అదన్నమాట కొక్కెం.
యేట తెరిసేక తెల్లారగట్ట
దాని మేనత్తకి తట్ట అందించీదెవులు?
లెక్క సూసి సిల్లర అడిగీదెవులు?
సుక్కరారం బేరాలకి ఎవులు తోడెల్తారు?
మెట్లు దిగుతూ ఇవన్నీ లెక్కెడతన్నాను,
మడతల నోటు తడిసి ముద్దయిపోయింది.

"లోవా, ఊరికే ఎవులూ పెట్టరే. ఎరేటో కనుక్కున్నావా?"
"మధ్యాహ్నం అన్నంలో గుడ్డు" అంది,
ఒక మెట్టు ఒదిలీసి ఇంకో మెట్టు మీదకి గెంతుతూ.

మేనత్త వారం రోజులు నాతో మాటాడనేదు.

పద్నాలుగు రాత్రి దాటేక పడవ దింపీసాం.
తెల్లారి తొమ్మిదయ్యీసరికి
ఒడ్డు పల్సగా, గీతలాగ.
తెలిసినోళ్ళు కొండ గురుతు సూసుకుంటారు,
మా అయ్య సూసీవోడు, వాళ్ళయ్యా సూసీవోడు.
నాను గోడ ఎతుకుతన్నాను.
అదిగో, పచ్చగా, సున్నంత.
గంట కొట్టీసుంటారు.
జడలు ఇయ్యాల ఎవులేసేరో.

సేతిలో తాడు ఒణికింది.
పెద్దదే.
లాగడం మర్సిపోనాను.