పల్లీల పొట్లం

చిలకలగూడ చౌరస్తాలో
పది రూపాయల పల్లీలు కొన్నాను.
తిన్నాక పొట్లం విప్పితే
లోపల ఒకామె ఉంది.

సగం ముఖం. కన్ను మీద వేపిన ఇసుక.
పుట్టిన తేదీ, భర్త పేరు, ఇంటి నంబరు,
పన్నెండు అంకెలూ ఒక్కటి చెరగకుండా.

శనివారం కమ్యూనిటీ హాల్లో
రాసుకున్న పాఠం పక్కనపెట్టి
ఆ కాగితాన్ని బల్ల మీద సాపు చేశాను.
"ఎవరామె?" కుల్సుం బీ కళ్లద్దాలు తుడుచుకుంది.
"తెలియదు."
"నేనే అయ్యుంట" అంది బాలామణి, నవ్వకుండా.

సిమ్ముకి ఒకటి, సిలిండర్‌కి ఒకటి,
కిరాయింటి ఓనరుకి ఒకటి, చిట్టీలాయనకి రెండు.
రెండోది ఎందుకో ఆయనా చెప్పలేదు, ఈమే అడగలేదు.
పక్కింటికి తోడు పెరుగు ఇచ్చినట్టు ఇచ్చింది.
ఒక చెంచాడే కదా.
తోడు ఊరుకుంటుందా,
తెల్లారేసరికి ఎవరి కుండలోనో
కుండెడు.

జిరాక్సు మీద అడ్డంగా రెండు గీతలు గీయమన్నాను.
మధ్యలో దేనికిస్తున్నారో రాసి, తేదీ వేసి,
అప్పుడు చేతిలో పెట్టమన్నాను.
"గిన్నెల మీద పేరు కొట్టిస్తం, గట్లనా?"
"అట్లాగే."
"పేరుంటే పెండ్లింటికి ఇచ్చిన గిన్నె మర్లొస్తది.
ఇది మర్లొస్తదా?"
నా చేతిలో మార్కరుంది.
బోర్డు మీద ఏమీ రాయలేకపోయాను.

కుల్సుం బీ పిన్ను కొడుక్కి తెలుసు, కోడలికి తెలుసు,
రీచార్జి కొట్టు పిల్లాడికీ తెలుసు.
"నా ఒక్కదానికే తెల్వదు" అంది.
కొత్తది పెట్టుకోమన్నాను.
నాలుగంకెల కోసం చాలాసేపు ఆలోచించింది,
పుట్టిన బిడ్డకు పేరు వెతికినట్టు.
తర్వాత దుపట్టా చెంగు ఫోను మీద కప్పి
నాకు వీపు తిప్పింది.
నేను గోడ గడియారం చూస్తూ నిలబడ్డాను.
ఆ వీపంత మంచి మార్కులు
నాకెప్పుడూ ఎవరూ వేయలేదు.

తాళం వేసే వేళ
కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంటుంటే
బాలామణి గుమ్మంలో ఆగింది.
"ఆమెనడిగినవా, టీచరమ్మా?"

మళ్లీ విప్పాను.
అంకెలు ముందు చింపాను. తర్వాత ఇంటి నంబరు. తర్వాత పేరు.
కన్ను దగ్గరికొచ్చేసరికి చేతులాగాయి.
వేళ్ల సందుల్లోంచి
ఇసుక ఇంకా రాలుతోంది.