సంపు

మేడ మీద గదిలో ఆ పిల్ల దిగిన రోజు
సామాన్ల ఆటోలో మంచం లేదు.
ఒక హార్మోనియం, ఒక మాండొలిన్, గోనెసంచిలో చుట్టిన డప్పు,
బేస్ గిటారు, పెట్టెలో నాలుగు ముక్కలుగా పడుకున్న క్లారినెట్టు,
అన్నిటికంటే చివర ఒక బియ్యం డబ్బా.
"ఎంతమంది ఉంటారమ్మా?" అన్నాను.
"ఒక్కదాన్నే సార్" అంది షాలోమి.

కోలారు గనుల ఊరి పిల్ల.
తాత గని బ్యాండులో యూఫోనియం ఊదేవాడట,
గని మూసేనాటికి ఊదడానికి ఊపిరి మిగల్లేదట.
అంతకు మించి చెప్పలేదు, నేనూ అడగలేదు.
పదకొండు నెలల అగ్రిమెంటు. రాత్రి పది దాటితే చప్పుడు కూడదు.

నేను టెలిఫోన్ ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్ళు
గంటలు పరీక్షించినవాణ్ణి.
బెల్టు మీద వచ్చే ప్రతి ఫోనూ నా చెవి దగ్గర ఒకసారి మోగేది,
బాగున్నది ముందుకు, బొంగురుపోయింది పక్కకు.
ఆ చెవితోనే కింద పడుకుని వినేవాణ్ణి:
చర్చి పాటలా మొదలైంది కాస్తా చావు డప్పులోకి జారేది,
డప్పు నడ్డి మీద మాండొలిన్ కోతిపిల్లలా ఎక్కి కూచునేది,
అంతలో ఆగి, "ఛీ" అని తనను తానే కసిరి, మళ్ళీ మొదటికి.
ఏది ముందుకు పంపాలో, ఏది పక్కన పెట్టాలో
మొదటిసారి నాకు తేలలేదు.

మార్చిలో బోరు ఎండిపోయింది.
రామమూర్తినగర్ మొత్తం బిందె పట్టుకుని రోడ్డు మీద నిలబడింది.
ట్యాంకరువాడిది పూటకో ధర.
సంపు మూత తీసి లోపలికి చూస్తున్నాను,
అడుగున ఒక చీపురుపుల్ల, ఎప్పుడో పోయిందనుకున్న స్టీలు చెంచా.
ఆ పిల్ల పక్కనొచ్చి వంగి
లోపలికి "ఊఁ" అంది.
సంపు కాసేపు ఆలోచించి
"ఊఁ" అంది.

ఆ మధ్యాహ్నమే నిచ్చెన దించింది.
క్లారినెట్టు ముందు, మైకు తర్వాత, తను చివర.
"రెండు రోజులు ట్యాంకరు పిలవొద్దు సార్."
స్నానాల్లేని ఇల్లు, తోమని గిన్నెలు,
కింది వాటా జయశీలమ్మ కన్నడలో నన్నూ
తెలుగులో నా వంశాన్నీ దులిపేసింది.
రెండు రోజులు నాలుగయ్యాయి.
ఎందుకు ఒప్పుకున్నానో మా ఆవిడకు ఇప్పటికీ చెప్పలేకపోయాను.

ఆల్బమ్ ఎక్కించే రోజు ఫోను తెచ్చి చూపించింది.
ఇది ఏ రకం సంగీతమో చెబితేగాని కదలనంటోంది ఆ గడి.
కర్ణాటకమా, రాకా, జానపదమా, భక్తా?
నాకు రేషన్ ఆఫీసు గుర్తొచ్చింది.
మాతృభాష అన్నచోట మా నాన్న పెన్ను గాల్లో పట్టుకుని నిలబడిపోవడం;
ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడ,
అప్పులవాడితో అరవం, కోపమొస్తే ఉర్దూ.
"కిందికంటా జరుపు, ఇతరములు అని ఉంటుంది" అన్నాను.
ఉంది.

ఎనిమిది పాటలు. మూడోదాంట్లో నా దగ్గు ఉంది.
తీసెయ్యమ్మా అంటే
తాళంలోనే పడింది సార్, ఉండనీ అంది.
మొదటి వారం నూట పన్నెండుసార్లు విన్నారట,
అందులో ఇరవై నేనే.
మే నెల అద్దె జూన్‌లో ఇచ్చింది, అదీ సగం.

ఆఖరిది పాట కాదు.
ట్యాంకరు పైపు సంపులో పడే చప్పుడు, ఆరు నిమిషాలు.
బొంగురుగా మొదలై, నీళ్ళు పైకొచ్చేకొద్దీ సన్నబడుతూ.
కర్ర ముంచకుండా, చెవితోనే నిండిందని చెబుతానని
ఒకరోజు గొప్పలు పోయింది నేనే.
దాని కింద, చాలా లోతున,
యూఫోనియం అని చెప్పలేను గానీ
ఏదో ఊపిరి తీసుకుంటూ ఉంటుంది.

మొన్న గురువారం ట్యాంకరొచ్చింది.
గోడకు ఆనుకుని నిలబడ్డాను.
స్వరం మూతి దాకా వచ్చింది,
చాలు, ఆపరా అని చెయ్యెత్తాను.
మేడ మీంచి కేక:
"ఇంకొక్క క్షణం సార్!"
డబ్బు పోసి కొన్న నీళ్ళు.
చెప్పులు తడుస్తున్నాయి.
చెయ్యి దించాను.