టెక్కలి అనే మాట

మజ్జానం మూడు కావస్తంది.
దండాసి హోటల్లో బెంచీలు తుడిసేసినాను,
నా కూడు నానింకా తిననేదు.
అప్పుడొచ్చినాది ఆ దొరసాని.
మెడకి దుర్భిణీ, కాళ్లకి బురద,
సంకలో అట్టపుస్తకం,
తేలినీలాపురం సింతసెట్ల కింద
పొద్దుటేల నుంచీ కొంగల్ని సూసొచ్చిన మొహం.

సెంచా కావాలని సైగ సేసినాది.
నేదన్నాను.
ఉంది. గల్లాపెట్టె ఎనకాల,
దండాసి దగ్గుమందు తాగే సెంచా.
కారం తక్కువని సెయ్యూపినాది.
"నీ కోసం మళ్లీ పొయ్యెలిగించాలేటి?"
తెలుగు రాదు గదాని గట్టిగానే అన్నాను.
మూల బల్ల కాడ లారీవోళ్లు నవ్వినారు.
ఆ నవ్వు నాకు రుసిగా ఉంది,
దాస్తే ఏటి లాభం.

కంచం పెట్టనేదు, పడేసినాను.
సారు సింది పుస్తకం మీద పడ్డాది.
పెన్సిలుతో గీసిన కొంగ,
ఇంకా కాళ్లు గియ్యనేదు,
దాని రెక్క మీద పసుపు మరక.
ఆమె నన్ను సూడనేదు.
జేబురుమాలు తీసి అద్దినాది.
తుడవనేదు, అద్దినాది,
మోకాలు గీరుకున్న పిల్లకి మందద్దినట్టు.
నాలుగు ముద్దలు ఏళ్లతోనే తిని
వంద నోటు బల్ల మీదెట్టి
సిల్లర కోసం ఆగకుండా ఎల్లిపోనాది.
లారీవోళ్లు మళ్లీ నవ్వుతారేమోనని సూసినాను.
వోళ్లు పప్పు కలుపుకుంటన్నారు.

సింగపూర్లో నాను రెండేళ్లు వెల్డర్ని.
మొదటి ఆదివారం, ఇస్త్రీ సొక్కా ఏసుకుని
అద్దాల కొట్లో లైన్లో నిలబడి
సేపముక్క ఏపు ఏలు సూపించినాను.
పేరు తెల్దు. ఇంకెలా అడుగుతారు?
గరిటె పట్టుకున్నామె మొహం సిట్లించి
నా ఎనకవోణ్ణి పిలిసినాది.
ఆ ఎనకవోడి ఎనకవోణ్ణి కూడా.
ఆకర్న, నానడగనిదేదో ఏసి
ట్రే నా గుండికి తగిలేలా తోసినాది.
డబ్బులు మాత్రం లెక్కెట్టి తీసుకుంది.

ఆ కత టీకొట్టు కాడ ఎన్నిసార్లు సెప్పినానో,
సెప్పినప్పుడల్లా ఓ ఉప్పురాయి ఏసి.
మొదట్లో ట్రే తోసినాది.
రాన్రాను ఇసిరేసినాది.
ఇప్పుడు మా తవిటయ్యకి తెలిసిన కతలో
నా మొహాన ఉమ్మినాది కూడా.
మా ఈదికి సింగపూరంటే ఆయమ్మే.
మేడలూ కాదు, ఓడలూ కాదు.

అదే ఆ రేత్రి నిద్దర పట్టనియ్యనేదు.
దొరసాని ఊరేదో నాకు తెల్దు.
మంచు కురిసేదో, ద్రాక్ష కాసేదో,
అక్కడో వంటింట్లో
ఆమె మనుసులు సుట్టూ కూకుని అడుగుతారు.
కొంగల కతే ముందు సెప్తాది,
పురిటికొచ్చిన ఆడపిల్లల్లాగ
ఊరోళ్లు వాటిని కాసుకుంటారని సెప్తాది.
తరవాత కొంచెం ఆగి, నోరు తిరక్క
టెక్... టెక్కలి, అంటాది.
ఆ మాటకి మీసాలుంటాయి, నా మీసాలు.
భుజమ్మీద నా జిడ్డు తుండుంటాది.
రాతి క్వారీలు, సంత, బస్టాండు,
నానెప్పుడూ కోప్పడి ఎరగని మా యమ్మతో సహా
ఊరు ఊరంతా
నా ఒక్కడి మొహం ఎనకాల కనపడకుండా పోతాది.
ఏడాదికో ఉప్పురాయి ఏస్తాదేమో.
ఎయ్యకపోయినా సరిపోద్ది.

తెల్లారి బజార్లో సెంచా కొన్నాను,
పదిహేను రూపాయలు.
దండాసి బండడిగి తేలినీలాపురం ఎల్లినాను.
సెట్ల నిండా గోల.
గూడబాతు మూతికింద సంచిలోకి
పిల్ల తల దూర్చేసి తింటంది.
తల్లి నోరు తెరుసుకుని అలా నిలబడే ఉంది,
ఇసుగు నేదు.
కాపలా ముసిలోడు సెప్పినాడు,
పొద్దుటి బండికే ఎల్లిపోనాదంట, నౌపడలో ఎక్కి.
"ఏటీ సెప్పనేదా?" అనడిగినాను.
"ఎవులికి?" అన్నాడు.

ఆ సెంచా గల్లాపెట్టె పక్కన
గాజు గళాసులో ఉంది.
లారీవోళ్లు దాంతో సోడా మూతలు తీస్తారు.
నిన్న ఒంకర పోయింది.
బల్ల అంచునెట్టి సరిసేసి
మళ్లీ గళాసులో ఏసినాను.