రెండు డిగ్రీలు

రాయపురం స్టేషనెదుట మా స్కానింగ్ కొట్టు.
కాసిమేడు నుంచి నూకాలమ్మ
కొంగున చుట్టి ఓ ఫొటో తెచ్చింది.
"సముద్రం ఒరిగిపోయింది, సరిచెయ్యి."

రెండు డిగ్రీలు కుడికి తిప్పాను.
"ఎక్కువైంది."
ఒకటి ఎడమకి.
"ఇంకాస్త." అర.
"ఊహూఁ, ముందున్నట్టే బాగుంది."
తిప్పిందంతా వెనక్కి తిప్పాను.

సముద్రం మొదటి చోటికే వచ్చింది.
ఆమె పెనిమిటి గడ్డం మీది పుట్టుమచ్చ
రాలేదు.

ఎలా చెప్పను?
ఫొటోలో ప్రతి చుక్కకీ ఓ గడి ఉంటుందమ్మా.
ఒరిగించామా, ఏ చుక్క పాదమూ
తిన్నగా ఒక గడిలో పడదు,
నాలుగు గళ్ల గీతల మీద పడుతుంది.
మిషన్ ఆ నలుగురినీ అడిగి
సగటు రంగొకటి పూసేస్తుంది.
మచ్చ నలుపు చెంపకింత, చెంప తెలుపు మచ్చకింత.
వెనక్కి తిప్పితే
ఆ బూడిదరంగునే మళ్లీ పంచుతుంది.

"చేపల గంపలాగన్నమాట" అంది.
"చేతులు మారినకొద్దీ గుప్పెడు తరుగు."

అంతే. నేను ఇంతసేపు చెప్పింది అదే.

చేసినవన్నీ చెరిపేసి
అసలు ఫొటోని మళ్లీ అద్దం మీద బోర్లించాను.
"ఈసారి ఒక్కసారే తిప్పుతా. ఎంతో చెప్పు."

చాలాసేపు చూసింది.
బయట గూడ్సు బండి పోయింది, అద్దం అదిరింది.
"ఇది తీసింది నా చెల్లెలు.
పక్క పడవలో నిలబడింది.
అప్పుడే అల వచ్చింది."

ఒరిగిన సముద్రాన్నే ప్రింటు తీశాను.
ఇరవై రూపాయలు.
చిల్లర లేదు,
రేపు వంజరం ముక్క పంపిస్తానంది.