తొంభై ఆరు గ్రాములు

ఒజుర్గేతిలో వాన పట్టుకుంటే
ఎప్పుడు ఆగుతుందని ఎవరూ అడగరు,
గొడుగు ఎక్కడుందని అడుగుతారు.
అలాంటి మధ్యాహ్నం జుజునా వచ్చింది,
కోటు లోపల లాప్‌టాప్‌ని పిల్లికూనలా పొదువుకుని.

"నత్తిగా మాట్లాడుతోంది," అంది.

చెవి ఆనించాను. నిజమే.
టిక్. కాస్త ఊపిరి. టిక్ టిక్.
మాట నాలుక చివరిదాకా వచ్చి
వెనక్కి పోతున్నట్టు.

మూత విప్పితే ఫ్యాను నిండా తేయాకు పొడి.
ఊదితే కొట్టంతా టీ వాసన.
"ఎక్కడ పెడతావు దీన్ని?"
"కాటా పక్కన."
"కాటా ఎక్కడ?"
"ఆకు నలిపే మిషను పక్కన."
పద్నాలుగేళ్లు
ఆ మిషను వణుకంతా ఇది వెన్నులోకి తీసుకుంది.

లోపల పళ్లెం తిరుగుతుంటుంది.
వెంట్రుకను పదివేల చీలికలు చేస్తే
అందులో ఒక చీలిక ఎత్తున
దాని మీద సూది ఎగురుతుంటుంది.
తాకకూడదు. తాకిందా, గీత.
గీత పడ్డ చోట ఇక అక్షరం నిలవదు.
అయినా డిస్కు గుట్టుగా సంసారం నెట్టుకొస్తుంది:
కారే గదికి తాళం వేసి
సామాను పక్క గదిలోకి సర్ది
వచ్చినవాళ్లకి నవ్వుతూ ముందుగది చూపిస్తుంది.
పక్కగదులు కూడా అయిపోయిన రోజునే
టిక్ అంటుంది.

ఇవేవీ ఆమెకు చెప్పలేదు.
"నకలు ఉందా ఎక్కడైనా?" అన్నాను, అంతే.
నన్ను చూసింది,
తూకం మళ్లీ వేయమన్న రైతుని చూసినట్టు.

రాత్రంతా కూర్చున్నాను.
తొందరపెట్టకూడదు. మొండికేసిన చోటు దాటేసి
ఇచ్చినంత ముందు తెచ్చుకుని
తర్వాత వెనక్కెళ్లి బతిమాలుకోవాలి.
రెండింటికి కరెంటు పోయింది.
బ్యాటరీ పెట్టె కీచుమంది.
నేనూ ఏదో అన్నాను, మా అమ్మ వినకూడనిది.
తెల్లారేసరికి అంతా వచ్చింది,
నలభై ఒక్క ముక్కలు తప్ప.

వెతికితే అవన్నీ ఒకే ఫైలు.
రెండు వేల పదమూడు, జూన్ పంతొమ్మిది,
ఆకు తూకాల పట్టీ.
ఎలా చెప్పాలా అని రెండు సిగరెట్లు ఆలోచించాను.

"ఆ రోజు వాన," అంది.
"కోతకి ఎవరూ రాలేదు. అందులో ఏం లేదు."
నేను తేదీ పూర్తిగా చెప్పకముందే అంది.
ఏమీ లేని రోజుకి పట్టీ ఎందుకు రాశావని అడగలేదు.
కారే గదులు నాకు తెలుసు.

కొత్తది బిగించాను.
దీనికి పళ్లెం లేదు, సూది లేదు, వణికినా బెదరదు.
అయినా దుమ్ము తుడువు, మిషనుకి దూరం జరుపు,
శుక్రవారం శుక్రవారం ఈ చిన్నపెట్టెలోకి నకలు తియ్యి,
ఆ పెట్టె ఫ్యాక్టరీలో వద్దు,
ఇంట్లో చక్కెర డబ్బా పక్కన పెట్టు.
"చక్కెర ఎందుకు?"
"రోజూ చెయ్యి పెడతావని."
స్విచ్ వేసి చెవి దగ్గరికి తెచ్చుకుంది.
"చచ్చిపోయిందా?"
అప్పటికే తెర వెలిగింది.

పాత డిస్కుని అరచేతిలో పెట్టుకుని
ఒకసారి పైకీ కిందికీ ఆడించింది.
"తొంభై ఆరు," అంది.
నా దగ్గర చిన్న కాటా ఉంది. పెట్టి చూశాం.
తొంభై ఆరే.

"ఇంత నిండాక ఇది.
కొన్న రోజున, ఏమీ లేనప్పుడు?"
"అంతే."

నాలుగు కిలోల పచ్చాకు ఎండితే ఒక్క కిలో.
ముప్పై ఏళ్లు అదే లెక్క చూసిన మనిషి.
ఏది చేరినా, ఏది పోయినా
కాటాకి తెలిసి తీరాలి.
డిస్కు తీసి మళ్లీ పెట్టింది.
అంకె మారలేదు.
ఇంకోసారి పెట్టింది.

డబ్బు లెక్కపెట్టి ఇచ్చింది.
పాతదాన్ని జేబులో వేసుకుంది.
గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"ఆ రోజు..." అంది.

కాసేపు వాన చూసి,
గొడుగు ఎక్కడ పెట్టానని అడిగింది.